కాటు రిజిస్టరులో లేని పదకొండో రోజు

1949 ఫిబ్రవరి. సూర్యాపేట తాలూకా దవాఖానలో హెల్త్ విజిటరుగా నాకు మూడో ఏడు నడుస్తోంది. ఒక శుక్రవారం ఊరి మీద పని ముగించుకొని ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర అయింది. నా ఆరేళ్ళ కొడుకు రఘు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నా సంచీ అందుకోవడానికి వాడు రోజూ కుడిచెయ్యి చాచేవాడు. ఆ రోజు ఎడమచెయ్యి చాచాడు. మొహం నవ్వుతూనే ఉంది. కుడిచెయ్యి మాత్రం నిక్కరు వెనక దాచుకున్నాడు.

చెయ్యి చూపించమన్నాను. గోడకు గీసుకుందన్నాడు. లాగి చూశాను. బొటనవేలికీ మణికట్టుకీ మధ్య నాలుగు గాట్లు, రెండు పైన, రెండు కింద. కుండలో నీళ్ళతో వాడే కడుక్కున్నాడు. గోడకు పళ్ళు ఉండవు. ఇంతలో నా మూడేళ్ళ కూతురు సుశీల వచ్చి, "అన్నని కుక్క తిన్నది" అని చెప్పింది.

హెల్త్ విజిటరు పని ఏమిటో చాలామందికి తెలియదు కాబట్టి ఇక్కడే చెబుతాను. ఇంటర్మీడియట్ చదివి, హైదరాబాదులో ఏడాదిన్నర శిక్షణ పొందిన ఆడవాళ్ళను సర్కారు ఈ పనికి తీసుకునేది. దవాఖానలో కూర్చునే ఉద్యోగం కాదు. ఇల్లిల్లూ తిరిగి గర్భిణులను, బాలింతలను, అయిదేళ్ళలోపు పిల్లలను చూడాలి. టీకాలు వేయించాలి. కాన్పులు చేసే దాయీలకు శుభ్రత నేర్పాలి. నెలకు పది పన్నెండు రోజులు దౌరా, అంటే ఊళ్ళ మీద తిరుగుడు. నా దౌరా మిర్యాలగూడ వైపు కొంత, మునగాల మీదుగా కోదాడ దాకా కొంత. జనానికి మా హోదాలతో పని లేదు. అందరికీ నేను నర్సమ్మనే.

నా భర్త ఓవర్సీరు. అప్పుడు తుంగభద్ర పనుల మీద ఉన్నారు. పదిహేను రోజులకు ఒక ఉత్తరం వచ్చేది. నేను దౌరాకు వెళ్ళినప్పుడు పిల్లలను లచ్చమ్మ అనే మనిషి చూసుకునేది. ఆ సాయంత్రం లచ్చమ్మ బావికి వెళ్ళిన కాసేపట్లోనే ఇదంతా జరిగింది.

కరిచిన కుక్క ఏదో అడగక్కరలేదు. మా పక్కిల్లు కిందటేడు పోలీసు యాక్షన్ నాటి గడబిడల నుంచి తాళం వేసి ఉంది. ఆ ఇంటివాళ్ళు తిరిగి రాలేదు. వాళ్ళ కుక్క మాత్రం ఆ గడప మెట్టు మీదనే ఉండిపోయింది. గోధుమ రంగుది, మూతి అంతా నెరిసిపోయింది. చెవుడు, పిలిస్తే పలకదు. దాని పేరేమిటో మాకెవరికీ తెలియదు. ఎవరైనా ముద్ద వేస్తే తినేది, లేకపోతే లేదు. రఘు దాని పక్కన కూర్చొని మెడ చుట్టూ చెయ్యి వేశాడట. అది నిద్రలో ఉంది. ఉలిక్కిపడి కరిచింది.

నేను వాణ్ణి ఎత్తుకొని వీధిలోకి వచ్చేసరికి నలుగురు మగవాళ్ళు కట్టెలు పట్టుకొని పక్కింటి ముందు ఉన్నారు. కుక్క మెట్టు మీద నుంచి లేవనైనా లేవలేదు. అప్పుడు నేను అన్న మాట ఇక్కడ రాయకుండా ఉండవచ్చు. కానీ అదే నిజం. "కొట్టండి, వదలొద్దు దాన్ని" అన్నాను.

మా దవాఖాన డ్రెస్సరు ఖాసిం ఆ వీధిలోనే ఉంటాడు. పుళ్ళు కడిగి కట్లు కట్టేవాణ్ణి డ్రెస్సరు అంటారు. ఖాసిం ఆ పనిలో ఇరవై ఏళ్ళ నుంచి ఉన్నవాడు. వచ్చి వాళ్ళకు అడ్డం నిలబడ్డాడు.

"అమ్మా, మీరేనా గీ మాట అనేది? కుక్కను సంపి వచ్చిండని మొన్న ఆ ముసలాయనను అందరి ముందల నిలబెట్టి తిట్టలేదా? గిప్పుడు గిది సస్తే బాబు సంగతి మనకెట్ల ఎరుకైతది?" అన్నాడు. తర్వాత వాళ్ళ వైపు తిరిగి, "కట్టెలు కింద పెట్టుండ్రి. ఎవరన్న ఒక తాడు తెండ్రి" అన్నాడు.

వాళ్ళలో ఒకడు, "దీనికి తాడెందుకు ఖాసిం భాయ్, పొమ్మన్నా పోయేటట్టు లేదు" అన్నాడు. తాడు మాత్రం తెచ్చాడు.

కుక్కకాటుకు అప్పటి పద్ధతి ఇది. పిచ్చికుక్క విషానికి మందు తాలూకా దవాఖానల్లో ఉండేది కాదు. రోగిని హైదరాబాదు పంపి, పొట్ట మీద పద్నాలుగు సూదులు వేయించాలి. కరిచిన కుక్క దొరికితే మాత్రం దాన్ని చంపకుండా పది రోజులు కట్టేసి చూడవచ్చు. కరిచేనాటికే కుక్కలో విషం ఉంటే ఆ పది రోజుల్లో అది తప్పకుండా జబ్బుపడి చస్తుంది. పది రోజులూ బాగుంటే ఆ కాటులో విషం లేనట్టే. కాని ఊళ్ళలో ముందు కుక్కను చంపి, తర్వాత దవాఖానకు వచ్చేవారు. మా పెద్ద తగాదా అదే. చచ్చిన కుక్క మాకు ఏమీ చెప్పదు.

డాక్టరు గారు కార్బాలిక్ సబ్బుతో గాయం కడిగించి, గాజుపుల్లతో ఒక్కొక్క గాటులో యాసిడ్ అద్దారు. రఘు చెయ్యి కదలకుండా నేనే పట్టుకున్నాను. వేరేవాళ్ళ పిల్లవాడి చెయ్యి పట్టుకున్నానని అనుకొని పట్టుకున్నాను. తర్వాత ఆయన, నిద్రలో ముట్టుకుంటే కరిచిన కుక్క, కారణం ఉన్న కాటు, కుక్క కళ్ళ ముందే ఉంది, కాబట్టి ఆగి చూద్దాం అన్నారు. ఏ కొంచెం తేడా కనిపించినా ఆ పూటే హైదరాబాదు బస్సు ఎక్కాలన్నారు. పిల్లవాడి బట్టలు రెండు జతలు, ఒక దుప్పటి సంచీలో సర్ది తలుపు పక్కన పెట్టాను. పది రోజులు ఆ సంచీ అక్కడే ఉంది.

కుక్కను మా వెనక వరండాలో కట్టేశాం. ఆ రాత్రి రఘు చీపురు పట్టుకొని దాని వైపు వెళ్ళడం చూశాను. కోపంతో వెళ్తున్నాడు. కుక్క దెబ్బలు తిని చస్తే, చావుకు కారణం జబ్బో దెబ్బో ఎలా తెలుస్తుంది? వాణ్ణి వెనక్కి లాగి, "దాన్ని ముట్టుకోవద్దు. దానికి ఏమీ కాకపోతేనే నీకూ ఏమీ కాదు. అది బతికితేనే నువ్వు బతుకుతావు" అన్నాను.

వాడు చీపురు కింద పెట్టేశాడు. ఆ మాట అంత బాగా పనిచేసినందుకు అప్పుడు సంతోషించాను.

దవాఖానలో కాటు రిజిస్టరు అని ఒకటి ఉంటుంది. కరిచిన చోటు, తేదీ, కుక్క ఎవరిది అన్న వివరాల తర్వాత పది ఖానాలు, అంటే పది గళ్ళు ఉంటాయి, రోజుకొకటి. కుక్క తిన్నదా, నీళ్ళు మింగుతోందా, గొంతు మారిందా, కింది దవడ వేలాడుతోందా, చొంగ కారుతోందా, కట్టెనో మట్టినో కొరుకుతోందా చూసి రాయాలి. ఇతరుల కుక్కలకైతే ఊరి జవాను చెప్పిన మాట రాసుకునేవాళ్ళం. ఈసారి నేనే చూశాను. తెల్లవారుజామున లేచి ముందు పిల్లవాడి నుదురు ముట్టుకునేదాన్ని. తర్వాత లాంతరు తీసుకొని వరండాలోకి వెళ్ళేదాన్ని. ముంతలో నీళ్ళు పెట్టి, అది తాగేటప్పుడు గొంతు కిందికీ పైకీ కదలడం చూసేదాన్ని. మూడు గుటకలు లెక్కపెట్టాక గాని లేచేదాన్ని కాదు.

ఆ పది రోజులు నా భర్తకు ఉత్తరం రాయలేదు. రాస్తే అది చేరేసరికి గడువు ముగుస్తుంది. ఆయన జవాబు వచ్చేసరికి మంచో చెడో తేలిపోయి ఉంటుంది. డాక్టరు గారు దయగల మనిషే, కాని ఆయన దగ్గర కూర్చొని ఏడవలేను కదా. దవాఖానలో నేను బాలింతలకు ధైర్యం చెప్పే మనిషిని. ఇంట్లో పిల్లల ముందు నవ్వాలి. సూదులకు ఇప్పుడే పంపకపోవడం తప్పేమో అన్న మాట పైకి అన్నది ఒక్క ఆ కుక్క దగ్గరే. దానికి ఎలాగూ వినబడదు. నా వైపు చూసి, తల ముందుకాళ్ళ మీద పెట్టుకొనేది.

రఘు కూడా దాని దగ్గర, చెయ్యి అందనంత దూరంలో, కూర్చునేవాడు. తన పెరుగన్నంలో సగం దానికి పెట్టేవాడు. వాడికి దాని మీద ప్రేమ కలిగిందనుకున్నాను.

పదో రోజు సోమవారం. కుక్క జొన్నరొట్టె తిని, నీళ్ళు తాగి, ఎండలో పడుకుంది. చివరి ఖానాలో "కుక్క సజీవం, ఆరోగ్యం" అని డాక్టరు గారు రాసి సంతకం పెట్టారు. నేను సంచీలోంచి బట్టలు తీసి పెట్టెలో పెట్టాను. భర్తకు ఆరు పేజీల ఉత్తరం రాశాను. రిజిస్టరు వరకు ఆ కుక్క కథ ముగిసింది. పదకొండో రోజు ఆ కుక్క ఏమి కావాలో ఏ ఖానాలోనూ లేదు.

బుధవారం డప్పు కొట్టి చాటించారు. ఎండాకాలం రాకముందే పట్టణంలో దిక్కులేని కుక్కలను తగ్గించాలని తీర్మానం. వచ్చే సోమవారం నుంచి మెడకు పట్టా, పట్టాకు ఇత్తడి బిళ్ళ, బిళ్ళకు యజమాని పేరు లేని కుక్కలను తుపాకీతో కాల్చేస్తారు. తీర్మానం తప్పని నేను అనను. కుక్కకాటు చావు చూసినవాళ్ళెవరూ అనరు.

డప్పు వీధి మలుపు తిరిగాక రఘు నా దగ్గరికి వచ్చాడు. "దాన్ని కాల్చేస్తే నేను అప్పుడే చచ్చిపోతానా, రాత్రికి చచ్చిపోతానా?" అని అడిగాడు.

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, పది రోజులు అయిపోయాయని, ఇక దానికీ నీకూ సంబంధం లేదని చెప్పాను. డాక్టరు గారి సంతకం సంగతి చెప్పాను. వాడు తల ఊపాడు. "అది బతికితేనే నేను బతుకుతానని నువ్వే చెప్పావు కదమ్మా" అన్నాడు. వాడి పెరుగన్నంలో ప్రేమ ఎంత ఉందో నాకు తెలియదు, భయం మాత్రం ఉంది. ఆ సాయంత్రం వాడు అన్నం ముట్టలేదు. పడుకునే ముందు వెళ్ళి కుక్క ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి ఊపిరి చూసుకొని వచ్చాడు. అలా చూడటం వాడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో వేరే చెప్పనక్కర్లేదు.

బిళ్ళ నా పేరు మీద తీసుకొని కుక్కను నేనే ఉంచుకోవచ్చు కదా అని చదివేవారు అనుకోవచ్చు. ఉలిక్కిపడి కరిచే ముసలి కుక్క, మూడేళ్ళ సుశీల ఉన్న ఇల్లు. ఈ రెండూ ఒకచోట కుదరవని వేరే ఇంట్లో అయితే నేనే చెప్పేదాన్ని. పైగా లచ్చమ్మ తేల్చి చెప్పింది: "అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె. నువ్వు దౌరకు పోతవు, దాంతోని సచ్చేది నేను." లచ్చమ్మ లేకపోతే నా ఉద్యోగం లేదు.

కాబట్టి దానికి ఇల్లు వెతకాలి. చిన్నపిల్లలు లేని ఇల్లు కావాలి. నా దౌరా దారిలో ఉండాలి, నెలనెలా చూసివచ్చి రఘుకు చెప్పడానికి. దాన్ని కాపలాకి కాకుండా ఊరికే ఉంచుకొనే మనిషి కావాలి. కాపలా సంగతి ఎందుకంటున్నానంటే, సూర్యాపేటలో అడిగిన మొదటి ఆసామి "మొరుగుతదా?" అన్నాడు. మొరగదన్నాను. "కరుస్తదా?" అన్నాడు. ఒకసారి కరిచిందన్నాను. "మొరగకుంట కరిచేదాన్ని ఏం జేసుకోవాలె నర్సమ్మా, దొంగ సచ్చినంక నాకు చెప్తదా?" అన్నాడు.

గురువారం మిర్యాలగూడ దౌరా. ముందురోజే నా ఇంటింటి రిజిస్టరు తెరిచాను. ప్రతి ఇంటికీ ఒక వరస, ప్రతి పుట్టుకకూ ఒక గీత ఉంటుంది. పిల్లలున్న ఇళ్ళు వెతకడానికే అది పనికొచ్చేది. ఆ రోజు తలకిందులుగా చూశాను. ఖాళీగా ఉన్న వరసలు, ఎర్ర సిరాతో కొట్టేసిన పేర్లు చూశాను. మిర్యాలగూడలో రత్నమ్మ అని గానుగ నడిపే వాళ్ళ కోడలు. నాలుగేళ్ళలో రెండు కాన్పులు, రెండూ ఎర్ర గీతలే. రెండోది నా చేతుల మీదనే పోయింది. మంచి మనిషి, ఇంట్లో తిండికి లోటు లేదు, చిన్నపిల్లలు లేరు. సరిగ్గా సరిపోయిందనుకున్నాను. నా మొత్తం ఉద్యోగంలో అంత తెలివితక్కువ పని మరొకటి చెయ్యలేదు.

రత్నమ్మ పీట వేసింది, మజ్జిగ ఇచ్చింది. నేను కుక్క సంగతి చెప్పాను. నెమ్మదైనదని, ఒంటరిదని, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే దానికి మంచిదని చెప్పాను. ఆమె అంతా విని, చేతిలో చెంబు కింద పెట్టింది.

"గీ గల్లీల ఎన్ని ఇండ్లున్నయి నర్సమ్మా?"

నలభై దాకా ఉంటాయన్నాను.

"గిన్ని ఇండ్లు ఇడిసిపెట్టి నా ఇంటికే ఎందుకొచ్చినవు? నీ బుక్కుల సూసే వచ్చినవు గదా. పిల్లలు లేని ఇండ్లు ఏరుకొని వచ్చినవు. పిల్లలు దక్కనోళ్ళకు కుక్కను పంచుమని సర్కారు చెప్పిందా?"

క్షమించమన్నాను. "కుక్కలంటే నాకేం కోపం లేదు, నువ్వే తెలివిలేని దానివి. మజ్జిగ తాగిపో, ఎండల పడిపోతవు" అంది. తాగాను. జనం తమ ఇళ్ళ లోపలి సంగతులు మాకు చెప్పేది వాళ్ళ బిడ్డల కోసం. వాటిని ఇంకో పనికి వాడుకునే హక్కు మాకు లేదని శిక్షణలో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా తెలియాలి.

శనివారం ఖాసింతో ఈ మాట చెప్పాను. అతను కట్టు గుడ్డలు చుడుతూ, "కోదాడల మార్తమ్మ ఉన్నది గదా. పిల్లలు లేరు, జెల్లలు లేరు, పని సుత లేదు" అన్నాడు. తర్వాత నవ్వి, "పని లేకుండ జేసింది మీరేననుకోండ్రి" అన్నాడు.

అది నిజం. మార్తమ్మ కోదాడలో ముప్పై ఏళ్ళు కాన్పులు చేసిన దాయి. 1947లో నేను పెట్టిన దాయీల శిక్షణకు వచ్చింది. శిక్షణ ముగించినవాళ్ళకు ఒక చిన్న మందుల పెట్టె, రొమ్మున పెట్టుకొనే ఒక బిళ్ళ ఇస్తాం. మార్తమ్మకు ఇచ్చాం. ఏడాది తిరక్కముందే ఆమె చూపు బాగా తగ్గిందని, బొడ్డు కోసేటప్పుడు దారం కనిపించడం లేదని గమనించి రిపోర్టు రాశాను. పెట్టె, బిళ్ళ వెనక్కి తీసుకున్నారు. రిపోర్టు తప్పు కాదు. ఇప్పుడైనా అదే రాస్తాను. కానీ ఆ తర్వాత దౌరాలో ఆమె ఇంటి ముందు నుంచి వెళ్ళవలసి వస్తే సందు తిరిగి వెళ్ళేదాన్ని.

ఆదివారం పొద్దున కుక్కకు తాడు కట్టి బస్సు దగ్గరికి తీసుకువెళ్ళాను. కండక్టరు నన్ను ఎరుగును. "నర్సమ్మా, గీ ముసలమ్మ సుత కాన్పుకే పోతున్నదా?" అన్నాడు. బస్సులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఎక్కించనన్నాడు. సాగనంపడానికి వచ్చిన ఖాసిం తన సంచీలోంచి గాజుగుడ్డ పట్టీ తీసి, ఊపిరికి అడ్డం రాకుండా కుక్క మూతి చుట్టూ నాలుగు చుట్లు చుట్టి ముడి వేశాడు. "సూడు, కట్టు కట్టిన పేషెంటు. పేషెంటును కిందికి దించుతవా?" అన్నాడు. కండక్టరు వెనక సీటు చూపించాడు. ఆ సీటు పక్కన ఉన్నవాళ్ళు మునగాల దాకా కాళ్ళు పైకి పెట్టుకొనే కూర్చున్నారు. మునగాల దాటాక ఒకామె కాళ్ళు దించి, "నిద్రపోయింది పాపం" అంది.

కోదాడలో మార్తమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. గొంతు విని నన్ను గుర్తుపట్టింది.

"ఎవరు, బిళ్ళ తీసుకుపోయిన నర్సమ్మా? ఇంక నా దగ్గర ఏం మిగిలిందని వచ్చావు తల్లీ?"

"అడగడానికి వచ్చాను అత్తా" అన్నాను. అంతా చెప్పాను. కాటు సంగతి, పది రోజుల సంగతి, రేపటి తుపాకీ సంగతి. ఈసారి దాచకుండా, మీ ఇంట్లో పిల్లలు లేరని, మీకు ఇప్పుడు పని లేదని, అందుకే వచ్చానని కూడా చెప్పాను. కొడుకు భయం సంగతి కూడా చెప్పాను.

మార్తమ్మ అంతా విని, "కండ్లు లేనిదానికి చెవులు లేని కుక్క. బాగా కుదిర్చావులే సంబంధం" అంది. తర్వాత, "ఇటు తీసుకురా దాన్ని" అంది.

మూతికట్టు విప్పమంది. నేను వద్దన్నాను. "నీ రిజిస్టరులో బాగుందని రాసుకున్నావుగా, ఇప్పుడెందుకు భయం?" అంది. విప్పాను. మార్తమ్మ కింద కూర్చొని, అప్పుడే పుట్టిన బిడ్డను చూసినట్టు చూసింది. తలపైన అరచెయ్యి పెట్టి, నెమ్మదిగా దవడ, మెడ, భుజాలు, పొట్ట, ఒక్కొక్క కాలు తడిమింది. చెవి దగ్గర కుక్క ఒళ్ళు బిగబట్టింది. ఆమె చెయ్యి అక్కడే ఆగింది.

"ఇదెన్నాళ్ళ నుంచి ఉంటది?"

"ఏమిటి?"

"చెవిలో పుండు. వాసన రావట్లా నీకు? పిల్లగాడు ఎటు పక్కన కూర్చున్నాడు?"

ఆలోచించాను. మెట్టుకు కుడివైపు.

"మరి చెయ్యి ఈ చెవి మీదే పడి ఉంటది. పది రోజులు చూశావు గదమ్మా. చెవిలోకి చూడలా?"

చూడలేదు. నీళ్ళు, గొంతు, దవడ, చొంగ చూశాను. చెవికి ఖానా లేదు. నా బిడ్డకు ప్రమాదం తెచ్చే జబ్బు ఉందా అని పది రోజులు దాన్ని చూశాను, దానికి ఏమి జబ్బు ఉందో చూడనే లేదు. నా సంచీలో బోరిక్ లోషను, దూది ఉన్నాయి. మార్తమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకొని పట్టుకుంది, నేను కడిగాను. చీముతోపాటు ఎండిన గడ్డిముల్లు ఒకటి బయటికి వచ్చింది. కుక్క మూలిగింది గాని నోరు తెరవలేదు. నేను దూదిని పైపైన అద్దుతుంటే, "గట్టిగా పట్టుకో దూది, భయపడితే దానికీ భయమేస్తది" అంది మార్తమ్మ. ఆ మాట దాయీల శిక్షణలో నేను చెప్పవలసినది.

కుక్కను ఉంచుకుంటావా అని నేను మళ్ళీ అడగలేదు. ఆమే అంది: "రోజూ కడగాలిగా. మందు వదిలిపెట్టి పో. సాయంత్రం బస్సు తప్పితే మళ్ళీ రేపేగా నీకు." తర్వాత, "నెలకోసారి రా. బిళ్ళ పట్టుకుపోయినదానివి, కుక్కను కూడా పట్టుకుపోతావేమో చూసుకుంటా" అంది. బిళ్ళ అంటే గుర్తొచ్చి, కుక్క బిళ్ళ సంగతి చెప్పాను. కోదాడలో ఆ తీర్మానం లేదు. అయినా తాడుకు ఒక గుడ్డముక్క కట్టి, దాని మీద సిరాపెన్సిలుతో ఆమె పేరు రాశాను.

నేను లేచినప్పుడు కుక్క లేవలేదు. మార్తమ్మ వేసిన గోనెపట్టా మీద పడుకొని ఉంది. వీధి చివర నుంచి వెనక్కి చూస్తే తలుపు తీసే ఉంది, లోపల ఏమీ కనిపించలేదు. తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోయారు. అలవాటు కొద్దీ వరండాలోకి వెళ్ళి, ముంతలో నీళ్ళు ఒలకబోసి, బోర్లించి వచ్చాను.

ఇది రాస్తున్న ఈ ఏడే, దసరాకు, ఉద్యోగం మానుకున్నాను. దానికి వేరే కారణాలున్నాయి. మానే వరకు కుక్కకాటు ఇళ్ళకు ఎన్నిటికో వెళ్ళాను. ప్రతిచోటా కుక్క చెవులు, నోరు, కాళ్ళు చూసి, ఎందుకు కరిచిందో కనుక్కొని, దాన్ని కూడా రాశాను. రిజిస్టరులో అంచున చోటు ఉంటుంది. పిల్లల ముందు పది రోజుల సంగతి చెప్పేటప్పుడు పదకొండో రోజు సంగతి కూడా చెప్పేదాన్ని. ఈ రెండూ ఆ ఆదివారం తర్వాత నేర్చుకున్నవే.

సోమవారం పొద్దున పిల్లలకు జావ పోస్తుండగా కాలువ వైపు నుంచి తుపాకీ పేలింది. కాసేపటికి ఇంకొకటి. రఘు గ్లాసు కింద పెట్టి, గాయం ఆరిన చేతిని రెండో చేత్తో పట్టుకొని, నా మొహంలోకి చూశాడు. సుశీల వాణ్ణి చూసి తను కూడా గ్లాసు కింద పెట్టింది. కుక్క నూరేళ్ళు బతుకుతుందని చెప్పడం చాలా తేలిక. ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకొని ఇలా చెప్పాను:

"ఆ చప్పుడు మన కుక్కది కాదు. మన కుక్క కోదాడలో మార్తమ్మ అవ్వ ఇంట్లో ఉంది. దానికి చెవిలో పుండు ఉంది, నువ్వు చెయ్యి వేస్తే నొప్పి పుట్టి కరిచింది. పుండు కడిగాం, తగ్గుతుంది. అది ముసలిది. వానాకాలం దాకా ఉంటుందో లేదో నాకు తెలియదు. మొదటి రోజు నేను నీకు సగమే చెప్పాను రఘూ, తప్పు నాదే. దాని ప్రాణానికీ నీ ప్రాణానికీ సంబంధం పది రోజులే. అవి అయిపోయాయి. ఇప్పుడు దాని ప్రాణం దానిది, నీ ప్రాణం నీది. నెలనెలా వెళ్ళి చూసి వచ్చి ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్తాను. అది చచ్చిపోయిన రోజున కూడా దాచకుండా చెప్తాను. ఆ రోజు మనం కాసేపు బాధపడతాం. తర్వాత నువ్వు జావ తాగి బడికి పోతావు."